వేరు గుర్తుపట్టిన మనిషి

మహోదధి ఇంజనీరింగ్ కన్సల్టెంట్స్ అనే కంపెనీ హైదరాబాదులో ఒక అద్దాల మేడలో ఏడో అంతస్తులో ఉండేది. మహోదధి అంటే మహాసముద్రం. ఆ సముద్రానికి తాగే నీళ్లు ప్లాస్టిక్ క్యాన్లలో లిఫ్టెక్కి వచ్చేవి. ఏ ఊరికి మంచినీళ్లు ఎటునుంచి రావాలి, ఏ ఊరి మురుగు ఎటు పోవాలి, ఊరు పెరిగితే ఏ దిక్కుకు పెరగాలి, ఇవన్నీ ఆ అంతస్తులో కూర్చున్న పెద్దమనుషులు తేల్చేవాళ్లు. ఊళ్లోకి వెళ్లి చూడాల్సిన కర్మ వాళ్లకు లేదు. మ్యాపు ఉంది కదా! మ్యాపులో కలెక్టరు బంగళా బంగళాలాగే ఉంటుంది. కూలీల గుడిసెలుండే చోటు మాత్రం ఎందుకో తెల్లగా, ఖాళీగా కనిపిస్తుంది.

అట్లాంటి తెల్లటి ఖాళీలో పుట్టిన పిల్ల చౌడేశ్వరి. కొండమూరు మునిసిపాలిటీలో బండల కాలనీ ఆమెది. నాన్న గనిలో నల్లబండలు కోసి, ఆ దుమ్ము తిని, ఆ దుమ్ముతోనే పోయాడు. అక్క సుంకులమ్మ బండల పాలిష్ షెడ్డులో పనిచేసి చెల్లెల్ని చదివించింది. చదివిన చెల్లెలు మహోదధి ల్యాబులో చేరి, ఏళ్ల తరబడి మట్టిలో చేతులు పెట్టి, ఒక వేరును పుట్టించింది. దానికి నీటివేరు అని పేరు పెట్టింది.

కంపెనీ యజమాని హయగ్రీవరావు ఒకరోజు దాన్ని చూడటానికి ల్యాబుకు దయచేశాడు. గది పొడవునా అద్దాల తొట్టి, తొట్టి నిండా ఎర్రమట్టి, మట్టిలో మణికట్టంత లావున బోలుగా ఉన్న వేరు. చౌడేశ్వరి చెప్పులు విడిచి, తొట్టి చివర పరిచిన చెక్క మీద తపతపా అడుగులేసింది. ఖాళీ బిందెను దబ్బున దించింది. వేరు కొస ఉలిక్కిపడ్డట్టు కదిలింది. మట్టిని చీల్చుకుంటూ చెక్క కిందికి వచ్చింది. కొసన నోరు విచ్చుకుంది. నీళ్లు ఊరాయి.

"గొట్టాలు అక్కర్లేదు సార్. రోడ్లు తవ్వే పనిలేదు. ఒక కొసను రిజర్వాయర్‌లో వదిలితే జనం అలికిడిని పట్టుకుని అదే వెళ్తుంది. ఎక్కడ బిందెలు దించుతారో, ఎక్కడ బట్టలు ఉతుకుతారో అక్కడ నోరు తెరుస్తుంది. మనుషులు లేని నేలలో తేమ ఉంటే దాన్ని కూడా పీల్చుకుని మనుషుల దగ్గరికి తెస్తుంది."

హయగ్రీవరావు గడ్డం గోక్కున్నాడు. "అంతా భూమి లోపలేనా?"

"అంతే సార్."

"మరి ఫోటో ఏం తీస్తాం?"

అదీ ఆయన అడిగిన ప్రశ్న. సృష్టికి ప్రతిసృష్టి చేసినంత పని ఎదురుగా కనిపిస్తుంటే ఆ మనిషి బుర్రకు తట్టిన మొదటి సందేహం అది.

చౌడేశ్వరి ఓపిగ్గా చెప్పింది. "ముందు దానికి నేర్పాలి సార్. పుట్టుకతో దానికి ఏ చప్పుడైనా ఒకటే. జనం నీళ్లు వాడే వేళకు, ఇళ్ల మధ్య, రోజూ బెల్లం నీళ్లు పోయాలి. తీపి ఏ చప్పుడుతో కలిసి వస్తే ఆ చప్పుడే దానికి మనిషి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం నేర్పితే చాలు."

"రోజూనా?"

"రోజూ పోయాల్సిందే సార్."

"మనవాళ్లు చూసుకుంటారులే."

ఈ మనవాళ్లు ఎవరో, ఏం చూసుకుంటారో చెప్పాలి. కొండమూరును మొదటి ఊరుగా ఎంచుకున్నారు. వేరును నాటి నేర్పే చోటుగా చౌడేశ్వరి పట్టుబట్టి బండల కాలనీనే రాయించింది. తన వేరు తొలి నీళ్లు తన అక్క బిందెలో పడాలని ఆమె ఆశ. ఆ కాలనీలో గోడలు నల్లబండలు, కప్పులు నల్లబండలు, పడుకునే అరుగులు నల్లబండలు. సందుకొక పాలిష్ షెడ్డు. మిషను తిరుగుతున్నంతసేపూ బండ మీద నీళ్లు పడుతుండాలి. నీళ్లు పడితే దుమ్ము బురదై కాలువలో పోతుంది. పడకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అంచేత అక్కడ నీళ్లంటే దాహం ఒక్కటే కాదు.

మహోదధి మనుషులు ఆ కాలనీకి ఇన్‌స్పెక్షన్ రోజున మాత్రమే వచ్చేవాళ్లు. ఇన్‌స్పెక్షన్ అంటే మన దేశంలో ఒక తంతు. ముందు సున్నం ముగ్గులు, వెనక తెల్లకార్లు, వాటి వెనక దాచిపెట్టిన వాటర్ ట్యాంకర్. దొరలు దిగి షామియానా కింద నిలబడతారు. అప్పుడు నీళ్లు వదులుతారు. అందరూ చప్పట్లు కొడతారు. కార్లను మాత్రం ఆఫ్ చెయ్యరు. ఇంజన్లు ఆడుతూనే ఉంటాయి, లోపల ఏసీ తిరుగుతూనే ఉంటుంది. దొర తిరిగొచ్చి కూర్చునేసరికి సీటు చల్లగా లేకపోతే డ్రైవరు ఉద్యోగం ఊడుతుంది. సరిగ్గా ఆ వేళకే, కెమెరా ముందు, వేరు మొదట్లో బెల్లం నీళ్లు పోసేవాళ్లు. మిగతా రోజుల బెల్లం ఎటు పోయిందో చీమలకు కూడా తెలియదు.

సుంకులమ్మ ఫోనులో చెప్పింది. "చౌడీ, మీ వేరుకు కార్లొచ్చిన దినమే పండగమ్మే. తక్కిన దినాలు దానికీ పస్తే, మాకూ పస్తే."

"బాగనే ఎదుగుతాందిలే అక్కా. నేనీడ గ్రాఫులు సూస్తానే ఉండా."

వేరు ఏ చప్పుడుకు ఎట్లా కదిలిందో చూపే ఆ గ్రాఫులు నిజంగానే అందంగా ఉన్నాయి. ఒకే తీరు చప్పుడు, ఒకే తీరు బదులు. గీత గీసినట్టు! బిందెల మోత, పిల్లల ఏడుపు, మిషన్ల గోల, తిట్లు, రోకటి పోట్లు కలగలిసిన బండల కాలనీ చప్పుడు అంత శుభ్రంగా ఉండదని ఆ కాలనీలో పుట్టినదానికి తట్టాలి. తట్టలేదు. ఏడో అంతస్తు గాలి అట్లాంటిది.

మంత్రిగారు వచ్చి ప్రారంభించారు. ఒక కొసను రిజర్వాయర్‌లో వదిలారు, వేరు ఊరి కిందికి పాకింది. మునిసిపాలిటీ వాళ్లు పాత కొళాయిల్ని పీకి అమ్ముకున్నారు.

ఎండలు ముదిరాక అక్క దగ్గర్నుంచి ఫోనొచ్చింది. మాట కంటే ముందు దగ్గు వినిపించింది. ఆ దగ్గు చౌడేశ్వరికి తెలుసు. నాన్న దగ్గు.

"బోర్లన్నీ ఎండిపాయ చౌడీ. ఎన్నడూ ఎండని ఖాసింబీ షెడ్డు బోరు గూడా. మిషన్లు ఎండుగనే తిప్పుతాండాము."

"ఆపండక్కా! ఎండుగ తిప్పితే ఏమైతాదో నీకు తెలీదా?"

"ఆపితే ఏం తినేది? మీ గ్రాఫులా?"

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. రైలెక్కి చౌడేశ్వరి కొండమూరులో దిగింది.

స్టేషను నుంచి వస్తుంటే ముందు దొరలు దిగే గెస్టుహౌసు కనిపించింది. పోర్టికోలో టైల్సు పగిలి పైకి లేచాయి. పగుళ్లలోంచి నీటివేరు నోళ్లు గుంపులు గుంపులుగా విచ్చుకుని ఉన్నాయి. నీళ్లు పోర్టికో దాటి, గడ్డి దాటి, గేటు దాటి రోడ్డెక్కాయి. మునిసిపల్ ఆఫీసు వెనక కార్లు పెట్టే చోటు చిన్న మడుగైంది. క్లబ్బు ముందూ అదే వరస. పెద్దవాళ్ల కార్లు ఎక్కడ ఆగుతాయో అక్కడల్లా ఊట. ఒక డ్రైవరు హాయిగా టైర్లు కడుక్కుంటున్నాడు.

బండల కాలనీలో మాత్రం మట్టి పెళుసుగా పగిలి ఉంది. షెడ్ల మీద, చెట్ల మీద, మనుషుల కనురెప్పల మీద బూడిదరంగు దుమ్ము. సుంకులమ్మ మూతికి కొంగు కట్టుకుని మిషను దగ్గర నిలబడి ఉంది. చెల్లెల్ని చూసి నవ్వబోయింది, దగ్గు నవ్వనివ్వలేదు.

పక్క షెడ్డు ఖాసింబీ నడుం మీద చేయి పెట్టుకుని వచ్చింది. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. "రామ్మా ఇంజనీరమ్మా! మా కాలనీ ఆడబిడ్డ మాకు నీళ్లిస్తాదనుకుంటే, ఉన్న నీళ్లు ఎత్తకపాయె. పుట్టింటోళ్లకు ఎవురన్నా ఇట్ల చేస్తారా?"

"అత్తా, ఒక కడ్డీ ఇయ్యి," అంది చౌడేశ్వరి.

ఇనప కడ్డీని నేలలో గుచ్చి పైకొసకు చెవి ఆనించింది. కింద వేరు ఉంది. బతికే ఉంది. జుర్రుతోంది. కాలనీ నేలలో ఉన్న తేమంతా బొట్టుబొట్టుగా పీల్చి గెస్టుహౌసు వైపు మోసుకుపోతోంది. అది చేస్తున్నది చౌడేశ్వరి నేర్పమన్న పనే. మనుషులు లేని నేలలో నీళ్లు తీసి మనుషులున్న చోటికి తీసుకుపోతోంది.

ఆమె కాళ్లు నేలకేసి కొట్టింది. బిందె దించింది. ఖాసింబీ రోలు దొర్లించింది. వేరు మొదట్లో డబ్బాడు బెల్లం నీళ్లు పోసింది. వేరు బెల్లం తాగింది. నోరు తెరవలేదు.

ఆమె ఫోను చేసి అరిస్తే, మూడోనాడు హయగ్రీవరావు వచ్చాడు. ఒక్కడే రాడు కదా, మునిసిపల్ కమిషనర్ను వెంటబెట్టుకుని తెల్లకార్ల వరసలో వచ్చాడు. కార్లు కాలనీ మధ్యలో ఆగాయి. దొరలు దిగారు. ఇంజన్లు ఆగలేదు.

"ఏంటమ్మా చౌడేశ్వరీ, ఏదో కొంపలు మునిగినట్టు..."

మాట పూర్తి కాలేదు. ఆయన కారు కిందనుంచి నీళ్లు ఎగజిమ్మాయి. ఒక నోరు, పక్కన ఇంకో నోరు, షెడ్ల వెంట వరసగా నోళ్లు. పిల్లలు కేకలేస్తూ పరుగెత్తారు. ఆడవాళ్లు బిందెలకోసం ఇళ్లల్లోకి దూరారు.

హయగ్రీవరావు మొహం వెలిగిపోయింది. "చూశావా? బ్రహ్మాండంగా పనిచేస్తోంది! ఎవరయ్యా అక్కడ, ఫోటో తియ్యండి."

చౌడేశ్వరి ఆయన మొహం చూడలేదు. కారు చూసింది. దాని బానెట్టు సన్నగా అదురుతోంది. డ్రైవరు తిరుపాలు దగ్గరికి వెళ్లి అద్దం మీద కొట్టింది. "ఇంజన్ ఒకసారి ఆపు అన్నా."

"సీటు కాలుతాది మేడం, సారు తిడతాడు."

"ఆపన్నా. నీకు దండం పెడతా."

తిరుపాలు ఆపాడు. మిగతా డ్రైవర్లూ ఆపారు. నీళ్లు వంగి, సన్నబడి, నేలలోకి ఇంకిపోయాయి. జుర్రుమని వెనక్కి లాక్కున్న చప్పుడు అందరికీ వినిపించింది.

"ఇప్పుడు వెయ్యి."

ఇంజన్లు ఆడాయి. ఏసీలు గుర్రుమన్నాయి. నీళ్లు లేచాయి.

కాలనీ అంతా నోళ్లు తెరుచుకుని చూసింది. ముందు ఖాసింబీకే నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని, బండ మీద కూలబడి నవ్వింది. "ఓయమ్మో! దీనికి మనిషంటే ఏసీ కారంట్రా! మనం మట్టిపెల్లలం! ఏమప్పా, నా ట్రాక్టరు తీసుకరాపో, సూద్దాము!" ట్రాక్టరు వచ్చింది. ఆటోలు వచ్చాయి. ఎంత గర్జించినా వేరు వాటి మొహం చూడలేదు. దానికి బెల్లం తినిపించింది ఆ చప్పుడుతో కాదు.

చౌడేశ్వరికి నవ్వు రాలేదు. "ఇన్‌స్పెక్షన్ రోజున తప్ప దీనికి ఎవరూ తిండి పెట్టలేదు సార్. కార్లనే నేర్పించారు. మళ్లీ మొదటినుంచి నేర్పాలి. నీళ్లు పారుతుండగా, జనం వాడుకుంటుండగా రోజూ బెల్లం పోయాలి. ఇప్పుడు కార్లుంటేనే నీళ్లొస్తాయి కాబట్టి, అది మనుషుల్ని నేర్చుకునేదాకా ఈ కార్లు ఇక్కడే ఉండాలి."

హయగ్రీవరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన కళ్లజోడు తుడిస్తే ఒక సిద్ధాంతం పుట్టబోతోందని కంపెనీలో అందరికీ తెలుసు. "నువ్వు సమస్యను తలకిందులుగా చూస్తున్నావమ్మా. వేరు తప్పేముంది? అది ఊరి అభివృద్ధి ఏ దిక్కుకు వెళ్తోందో మనకు చూపిస్తోంది. ఈ కాలనీని తక్కువ వాడకం ప్రాంతంగా రాద్దాం. వీళ్లను మెల్లగా ఊరి బయటికి తరలించే ప్లాను నేనే ఇస్తాను. కమిషనర్‌గారూ, ఏమంటారు?"

కమిషనర్ తలూపాడు. తలూపడానికే పుట్టినట్టుంటుంది ఆ తల.

నీళ్లు లేనిచోటికి నీళ్లు తెస్తామని వచ్చి, నీళ్లు రానిచోట మనుషుల్ని ఎత్తేస్తామంటున్నారు. దీనికో కోటు, దీనికో కళ్లజోడు, దీనికో ఏడో అంతస్తు!

సుంకులమ్మ మిషను దగ్గర్నుంచి కదిలింది. మాట్లాడేంత ఊపిరి లేదు. పాలిష్ పట్టిన బండను ఒక పక్క పట్టుకుని ఖాసింబీ వైపు చూసింది. ఖాసింబీ నవ్వు ఆపి రెండో పక్క పట్టింది. ఇద్దరూ మోసుకొచ్చి హయగ్రీవరావు కారు ముందు చక్రాలకు ఆనించి నిలబెట్టారు. అంతే. కాలనీ అంతా బండలకు చేయి వేసింది. గని బండలు మోసే చేతులకు కార్ల చుట్టూ గోడ కట్టడం ఎంతసేపు? ముందూ వెనకా నల్లగా నిగనిగలాడే గోడ లేచింది. అందులో హయగ్రీవరావు మొహం ఆయనకే కనిపించింది.

"తిరుపాలన్నా, నువ్వు మావోడివే. ఇంజన్ మాత్రం ఆపొద్దప్పా," అంది ఖాసింబీ. "టీ పంపిస్తా."

"ఇది దౌర్జన్యం!" హయగ్రీవరావు గొంతు చీలింది. "చౌడేశ్వరీ, నువ్వు నా ఎంప్లాయీవి. చెప్పు వీళ్లకు!"

చౌడేశ్వరి బెల్లం డబ్బా ఎత్తింది. "మీరు వెళ్లొచ్చు సార్. మీతో పనిలేదు. కారుంటే చాలు."

"రేపట్నుంచి నీకు ఉద్యోగం లేదు."

"ఇంకా రేపటిదాకా ఉందా?" అని ఆమె బెల్లం పోయడానికి వంగింది.

కమిషనర్ అప్పటికే ఎవడి స్కూటరో ఎక్కి మాయమయ్యాడు. హయగ్రీవరావు మిగిలాడు. ఎండలో, కోటు చేతిమీద వేసుకుని, మెయిన్ రోడ్డు వైపు నడిచాడు. ఆయన బూట్ల కిందే, జానెడు లోతులో, వేరు పొడుగునా పరుచుకుని ఉంది. ఆయన అడుగులకు అది ఇంతైనా కదల్లేదు.

"గట్టిగ తొక్కు సారూ!" వెనకనుంచి ఖాసింబీ అరిచింది. "నిన్ను గూడా గుర్తుపడ్తాదేమో సూద్దాము!"

పట్టలేదు. కారు దిగిన హయగ్రీవరావు ఆ వేరుకు ఎవరూ కాదు.

పోలీసులు వచ్చారు. జీపు దిగి లాఠీలు చూపించారు గానీ, జీపులో ఏసీ ఆపడం మర్చిపోయారు. నీళ్లు ఇంకో జానెడు ఎత్తు లేచాయి. "ఇంగో జీపు గూడా పిలిపియ్యండి సార్, మీకు పుణ్యముంటాది," అని ఖాసింబీ కుర్చీలు వేయించింది. ఊరంతా ఫోన్లలో ఈ తమాషా చూసి నవ్వేసరికి పైవాళ్లు జీపును వెనక్కి పిలిచారు. మహోదధి కంపెనీ ఏం చేసిందంటే, కార్లను తానే కాలనీలో ఉంచానని ప్రకటించింది. ప్రజల భాగస్వామ్యంతో సాగుతున్న సరికొత్త శిక్షణ అని దానికో పేరు పెట్టింది. ఢిల్లీలో హయగ్రీవరావుకు శాలువా కప్పారు. సిగ్గనేది ఏ మ్యాపులోనూ గుర్తు పెట్టని సరుకు.

ఇక్కడ కాలనీవాళ్లు షెడ్ల జనరేటర్లకు ఉంచుకున్న డీజిలు తెచ్చి కార్లలో పోశారు. బోర్లు ఎండినప్పుడు ఎండిన నేల తడిసింది. మిషన్ల మీద నీళ్లు పడ్డాయి, దుమ్ము మళ్లీ బురదై కాలువ పట్టింది. అందరూ తిరిగి పనిలోకి వెళ్లారు, సుంకులమ్మ తప్ప. ఆసుపత్రిలో డాక్టరు ఆమె ఛాతీ ఫోటో చూసి, ఇకమీదట దుమ్ములోకి వెళ్లొద్దన్నాడు. లోపలున్న దుమ్ము సంగతి ఏమీ చెప్పలేదు. నాన్నకు కూడా ఇట్లాగే ఏమీ చెప్పలేదు.

"నువ్వు మొదట ఫోను చేసిన పొద్దే నేను వచ్చింటే..." అంది చౌడేశ్వరి ఒకనాడు.

"వచ్చింటే ఏం జేస్తాంటివి? నన్ను మోసుకపోతాంటివా?" సుంకులమ్మ కసిరింది. "ఆ బెల్లం డబ్బా ఇట్లియ్యి. ఊకె కూసుంటే నాకు తోచదు."

అప్పటినుంచి వేరుకు తిండి పెట్టే పని ఆమె చేతికి వచ్చింది. వేరు నోటి పక్కన పరిచిన బండ మీద కూర్చునేది. ఎవరైనా వచ్చి బిందె పెడితే గరిటెడు బెల్లం నీళ్లు పోసేది. పిల్లలు స్నానాలకు వస్తే పోసేది. మధ్యమధ్యలో దగ్గు తెర వచ్చేది. వంగిపోయి, రెండు చేతులూ బండకు ఆనించి దగ్గేది. బండ అదిరేది. దగ్గు తగ్గాక గరిటె మళ్లీ తీసుకుని వేరుకు పోసేది.

వానలు ఇంకా పడలేదు. డీజిలు అయిపోయింది. తిరుపాలు చెయ్యగలిగిందేమీ లేక బండల గోడ మీద కూర్చున్నాడు. కారు రెండు ఎక్కిళ్లు పెట్టి ఆగింది. దాని పక్కదీ ఆగింది. ఇన్నాళ్లూ చెవుల్లో పడుకున్న ఆ గుర్రు ఒక్కసారిగా ఆగేసరికి కాలనీ అంతా చేతిలో పని వదిలి వచ్చి నిలబడింది. నీళ్లు వంగాయి. సన్నబడ్డాయి. ఆగాయి.

చౌడేశ్వరి బిందె తీసి దబ్బున దించింది. కదలిక లేదు. మళ్లీ దించింది. ఖాసింబీ రెండు కాళ్లతో ఎగిరి దూకింది. పిల్లలు తపతపా పరుగెత్తారు. వేరు ఉలకలేదు, పలకలేదు.

"ఇంగా కార్లే కావాల్నా దీని మొహానికి!" అని ఖాసింబీ ఉమ్మేసింది.

అప్పుడు సుంకులమ్మకు దగ్గొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ అది ఆగే దగ్గు కాదు. వంగిపోయి, బండకు చేతులానించి, లోపలినుంచి పెకలించినట్టు దగ్గింది. బండ అదిరింది.

వేరు నోరు విచ్చుకుంది.

దగ్గుదగ్గుకూ నీళ్లు ఉబికాయి. దగ్గు ఆగింది, నీళ్లు తగ్గాయి. ఏ గుండె చప్పుడో, ఏ అడుగుల సవ్వడో కాదు, ఈ కాలనీలో మనిషి ఉన్నాడనడానికి వేరుకు ఆనవాలుగా దొరికింది ప్రతి గరిటె బెల్లంతో కలిసి వచ్చిన ఈ దగ్గు.

సుంకులమ్మ మూతి తుడుచుకుంది. "సూడు చౌడీ," అంది, ఆయాసపడుతూనే, "నన్ను గుర్తుపట్టింది."

"నువ్వు దగ్గొద్దక్కా."

"నేను దగ్గకపోతే ఆగుతాదా ఏంది?" అని అక్క అటు చూపించింది. నోళ్ల వెంట బిందెలు పట్టుకుని కాలనీ వాళ్లంతా వరస కట్టారు. పాలిష్ షెడ్ల వాళ్లు, కోత మిషన్ల వాళ్లు, గని వాళ్లు. వరస మధ్యలో ఎవరో దగ్గారు. చివర్లో ఎవరో అందుకున్నారు. ఆ వరసలో దగ్గనివాళ్లంటూ ఎవరున్నారని!

నీళ్లు నిండుగా వచ్చాయి. చౌడేశ్వరి బిందె పట్టింది.